నీళ్లు కాగడం లేదు!

*లాక్‌డౌన్‌లో ఇళ్లకు చేరిన డిష్‌వాషర్లకు ఇప్పుడు రిపేర్ల వయసొచ్చింది. తెనాలి, బాపట్ల, రేపల్లె వంటిళ్లలో అవి మొరాయిస్తే తప్పంతా హీటరుదేనా?*

పొద్దున్న ఏడు గంటలు. తెనాలిలో ఓ రిటైర్డ్ టీచరమ్మ వంటిల్లు. డిష్‌వాషర్ తలుపు తీసిందావిడ. రోజూ మొహానికి గుప్పున కొట్టే ఆవిరి ఇవాళ లేదు. పై అరలోంచి స్టీలు గ్లాసు తీస్తే అడుగున చెంచాడు నీళ్లు. పప్పుగిన్నె అంచుమీద వేలు రాస్తే జిడ్డు. తలుపులోని డబ్బాలో సబ్బుబిళ్ల సగమే కరిగి, తడి తగిలిన బెల్లంముక్కలా అతుక్కుపోయి ఉంది. వెనక నిలబడి చూస్తున్న అత్తగారు ఏమీ అనలేదు. గూట్లోంచి కొబ్బరిపీచు తీసి సింకు పక్కన పెట్టి వెళ్లిపోయింది. అనడం కంటే అదే ఎక్కువ.

డాలస్‌లో అప్పుడు ముందురోజు రాత్రి ఎనిమిదిన్నర. ఫోన్లో కొడుకు సలహా చెప్పాడు.

"అమ్మా, మిషన్ ఆన్ చేసే ముందు సింకులో కుళాయి తిప్పి ఉంచు. వేడినీళ్లు రావడం మొదలయ్యాక స్టార్ట్ చెయ్యి. ఇక్కడ మేం అలాగే చేస్తాం."

"మన కుళాయిలో వేడినీళ్లెక్కడివిరా నాన్నా? ట్యాంకులో ఏముంటే అదే వస్తుంది."

కొడుకు చెప్పింది డాలస్‌లో అక్షరాలా నిజం. అమెరికా ఇళ్లలో డిష్‌వాషర్‌కి వేడినీళ్ల పైపే కలుపుతారు. ఇంటి గీజరు 49 డిగ్రీల దగ్గర నీళ్లు పంపిస్తుంది, మిషనులోని హీటరు దాన్ని ఇంకాస్త పైకి తీసుకెళ్తుంది. మన దగ్గర అమ్మేవి చాలావరకు యూరప్ పద్ధతివి. వాటిలోకి వెళ్లేది చన్నీళ్లే, వేడంతా లోపలే పుట్టాలి. హీటరు పని చెయ్యకపోతే అక్కడ గిన్నెలు కాస్త మసగ్గా వస్తాయి. ఇక్కడైతే మిషను గంటల తరబడి చన్నీళ్లు చిమ్మి ఊరుకుంటుంది. యూట్యూబులో కనిపించే రిపేరు వీడియోలు ఎక్కువగా అమెరికావి. టబ్బు అడుగున కంటికి కనిపించే చుట్టలాంటి ఎలిమెంటును చూపించి "దీన్ని మార్చండి" అంటారు. మన మిషన్లు చాలావాటిలో అలా కనిపించే ఎలిమెంటే ఉండదు.

ఇప్పుడే ఎందుకీ గొడవ?

2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. పనిమనిషి రావడానికి వీల్లేదు. ఇంట్లో ముగ్గురుంటే మూడు పూటల అంట్లు. అంతకుముందు నగరాల అపార్ట్‌మెంట్లకే పరిమితమైన డిష్‌వాషర్ ఆ ఏడాది చిన్న ఊళ్లకూ వచ్చింది. విదేశాల్లో ఉన్న పిల్లలు ఆన్‌లైన్లో ఆర్డరు పెట్టి అమ్మానాన్నల ఇళ్లకు పంపించారు. ఆ మిషన్లకు ఐదేళ్లు నిండాయి. వారంటీ ఎప్పుడో దాటిపోయింది.

దానికి తోడు 2025 సెప్టెంబరు 22 నుంచి డిష్‌వాషర్ల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది. కొనేవాళ్లకు మంచిదే. రిపేరుకు పిలిచినవాళ్లకు మాత్రం "దీనికి పెట్టే డబ్బుకు ఇంకొంచెం వేస్తే కొత్తదే వస్తుందండీ" అనే మాట ఎదురవుతోంది. కంపెనీ మనిషి గుంటూరు నుంచో విజయవాడ నుంచో రావాలి. ఊళ్లో ఉన్న మెకానిక్కు గీజరు, వాషింగ్ మిషను, ఏసీ కళ్లు మూసుకుని విప్పగలడు కానీ డిష్‌వాషర్ చేతిలో పడటం అరుదు. అందుకే తీర్పు రెండు ముక్కల్లో తేలిపోతుంది. హీటరు పోయింది, లేదా బోర్డు పోయింది. రెండూ ఖరీదైన మాటలే. రెండిట్లో ఏదీ కాకపోయే అవకాశం, ముఖ్యంగా మన డెల్టాలో, గట్టిగా ఉంది.

వేడి చేసే పని

ప్రోగ్రామును బట్టి నీళ్లు 50, 65, 70 డిగ్రీల దాకా కాగుతాయి. సబ్బుబిళ్లలో ఉండే ఎంజైములు అన్నం మెతుకుల పిండిపదార్థాన్నీ, పప్పు, గుడ్డు మరకల్నీ విడగొట్టడానికి ఆ వెచ్చదనం కావాలి. నెయ్యి, డాల్డా జిడ్డు చన్నీళ్లకు కదలదు. కదిలినా ఇంకో గిన్నెకు అంటుకుంటుంది. చివర్లో ఆరడం కూడా వేడి చలవే. ఆఖరి జాడింపులో గిన్నెలు బాగా కాగి, తర్వాత వాటి ఒంటి వేడితోనే తడి ఆవిరైపోతుంది. ప్లాస్టిక్ డబ్బాలు వేడిని పట్టి ఉంచలేవు కాబట్టి అవి తడిగా రావడం మామూలే. స్టీలు, పింగాణీ తడిగా వస్తేనే అనుమానించాలి.

ఇక్కడ మన ఎండలు చేసే మోసం ఒకటుంది. మే నెల మధ్యాహ్నం డాబా మీది ట్యాంకులో నీళ్లు చెయ్యి పెట్టలేనంత కాగుతాయి. హీటరు చచ్చినా ఆ నీళ్లతోనే గిన్నెలు ఫర్వాలేదనిపిస్తాయి. కార్తీకమాసం వచ్చి ట్యాంకు చల్లబడ్డాక జబ్బు బయటపడుతుంది. "మొన్నటిదాకా బాగానే ఉందండీ" అని అందరం అంటాం. మొన్నటిదాకా పనిచేసింది హీటరు కాకపోవచ్చు, సూర్యుడు కావచ్చు.

ఇంకో సంగతి. ప్రీ-రిన్స్ అనే ప్రోగ్రాములో నీళ్లు అసలు కాగవు. పిల్లలెవరో బటన్ నొక్కేసి, ఇంటిల్లిపాదీ హీటరును తిట్టుకునే ఇళ్లూ ఉంటాయి. ముందు అది చూసుకోవాలి.

---

మీటరే డాక్టరు

*మిషను విప్పకుండా, మెకానిక్కును పిలవకుండా హీటరు పనిచేస్తోందో లేదో తెలుసుకోవచ్చు. వరండాలో కరెంటు మీటరు మీద ఎర్రలైటు మిణుకుమిణుకుమంటుంటుంది. యూనిట్‌కు ఎన్నిసార్లు వెలగాలో మీటరు మీదే రాసి ఉంటుంది. అది 3200 అనుకుందాం. ఇంట్లో ఫ్రిజ్జు, ఫ్యాన్లతో సహా అన్నీ కట్టేసి డిష్‌వాషర్ ఒక్కటే 65 డిగ్రీల ప్రోగ్రాములో నడపండి. పంపు మాత్రమే తిరుగుతుంటే, అది వంద వాట్లు తీసుకుంటుందనుకుంటే, లైటు పదకొండు సెకన్లకోసారి వెలుగుతుంది. 2000 వాట్ల హీటరు అందుకోగానే సెకనుకు దాదాపు రెండుసార్లు టకటకమంటుంది. మొదలుపెట్టిన అరగంటలో ఆ జోరు ఒక్కసారీ కనపడకపోతే హీటరుకు కరెంటు అందడం లేదనో, హీటరు తీసుకోవడం లేదనో అర్థం.*

---

నీళ్లు చాలకపోతే హీటరు వెలగదు

హీటరు తనంతట తాను వెలగదు. నీళ్లు తగినన్ని పడ్డాయని ఓ స్విచ్చు చెప్పాలి. పంపు ఆ నీళ్లను జోరుగా తిప్పుతోందని రుజువు కావాలి. నీళ్లు లేకుండా హీటరు వెలిగితే కాలిపోతుంది కాబట్టి ఆ కాపలా. ఈ గొలుసులో ఏ లింకు తెగినా హీటరు నిక్షేపంగా ఉండి కూడా చల్లగా కూర్చుంటుంది. నన్నడిగితే డెల్టా ఊళ్లలో మెకానిక్కు ముందు చూడాల్సింది మిషను వెనక ఉన్న నీళ్ల పైపును. హీటరు సంగతి ఆ తర్వాత.

చాలా కంపెనీల పుస్తకాల్లో నీటి ఒత్తిడి కనీసం అర బార్ ఉండాలని రాస్తారు. మామూలు లెక్కలో చెప్పాలంటే, మిషను కుళాయి కంటే ట్యాంకు పదహారు, పదిహేడు అడుగుల ఎత్తున ఉండాలి. మన ఒంటి డాబా ఇళ్లకు శ్లాబు పది పదకొండు అడుగుల్లో ఉంటుంది. దాని మీద రెండు వరసల ఇటుకలు, ఆపైన సింటెక్స్ ట్యాంకు. లెక్క కుదరదు. ట్యాంకు నిండుగా ఉన్న పొద్దున్న పూట మిషను బాగా పనిచేసి, ట్యాంకు అడుగంటిన రాత్రి పూట మొరాయిస్తుంటే జబ్బు ఇదే. ట్యాంకును దిమ్మ కట్టి ఎత్తెక్కించడమో, చిన్న ప్రెషర్ పంపు పెట్టడమో చెయ్యాలి. హీటరు మార్చినా ఏమీ మారదు.

పైపు మిషనుకు కలిసేచోట వేలిగోరంత జాలీ ఒకటుంటుంది. బాపట్లది ఇసుక నేల. ఫిల్టర్ పాయింట్ల నీళ్లతో పాటు సన్న ఇసుకా పైకొస్తుంది. కాలువ నీళ్లతో చెరువులు నింపుకునే ఊళ్లలో అయితే ఒండ్రు. ఏడాదికోసారైనా ఆ జాలీ విప్పి పాత టూత్‌బ్రష్షుతో కడిగితే చాలు. పైపు విప్పినప్పుడే కుళాయి కింద బకెట్టు పెట్టి చూడొచ్చు. నిమిషానికి పది లీటర్లు రాకపోతే లోపం మిషనుది కాదు.

టబ్బు అడుగున ఉండే పెద్ద ఫిల్టరు సంగతి ఎవరూ చెప్పనక్కర్లేదు కానీ ఎవరూ చెయ్యరు. ఆవాలు, కరివేపాకు ఈనెలు, చింతపండు పీచు, చేపముల్లు. మన తాళింపును ఊహించి ఆ ఫిల్టరు తయారు చెయ్యలేదు. అది మూసుకుపోతే పంపుకు నీళ్లందవు. పంపుకు అందకపోతే హీటరు వెలగదు. వారానికోసారి తీసి కుళాయి కింద పెట్టడం కంటే చవకైన రిపేరు లేదు.

వోల్టేజి పడితే

రేపల్లె రైలుకే కాదు, చాలా లైన్లకు చిట్టచివరి ఊరు. వేసవి రాత్రి వీధిలో ఏసీలన్నీ ఆన్ అయ్యాక, ట్రాన్స్‌ఫార్మరుకు దూరంగా ఉన్న ఇంట్లో 230 వోల్టులు ఉండాల్సిన చోట 180 కనిపించిందనుకోండి. తగ్గింది యాభయ్యే కదా అనిపిస్తుంది. హీటరు శక్తి మాత్రం వోల్టేజి వర్గాన్ని బట్టి పడిపోతుంది. 2000 వాట్ల హీటరు 1225 వాట్లే ఇస్తుంది. నాలుగు లీటర్ల నీళ్లను 28 డిగ్రీల నుంచి 65కి తేవడానికి, గిన్నెలు మింగే వేడిని లెక్కలోకి తీసుకోకపోయినా, ఐదు నిమిషాలు పట్టాల్సింది ఎనిమిదిన్నర పడుతుంది. లోపల కుక్కరు, మూకుడు ఉంటే ఇంకా ఎక్కువ. కొన్ని మిషన్లు ఓపిగ్గా ఎదురు చూస్తాయి, అందుకే గంటన్నర ప్రోగ్రాము రెండున్నర గంటలు సాగుతుంది. కొన్ని విసుగెత్తి తప్పు కోడు చూపించి ఆగిపోతాయి.

మందు సులువు. రాత్రి పదింటికి బదులు పొద్దున్న ఆరింటికి నడపండి. స్టెబిలైజరు కొనాలంటే ఫ్రిజ్జుది పనికిరాదు, మూడు కిలోవాట్లు మోసేది కావాలి. ప్లగ్గు తప్పకుండా 16 ఆంపియర్లదే ఉండాలి. మిక్సీకి వాడే ఎక్స్‌టెన్షన్ బాక్సుకు డిష్‌వాషర్ తగిలిస్తే హీటరు కంటే ముందు బాక్సు కాగుతుంది. ప్లగ్గు కాళ్లు గోధుమరంగు తిరిగి ఉంటే అక్కడే ఆగి, సాకెట్టు మార్పించుకోండి.

సముద్రం గాలి, ఉప్పు నీళ్లు

బాపట్లకు సూర్యలంక తొమ్మిది కిలోమీటర్లు. ఆ గాలి ఇంటి గ్రిల్స్‌ను ఏం చేస్తుందో అందరికీ తెలుసు. అదే గాలి మిషను అడుగున వైర్లు కలిసే క్లిప్పుల్ని కూడా తినేస్తుంది. హీటరు వైరు తొమ్మిది ఆంపియర్లు మోస్తుంది. క్లిప్పు పచ్చబడి వదులైతే అక్కడ వేడి పుట్టి, ప్లాస్టిక్ కరిగి, చివరికి వైరే ఊడిపోతుంది. చూసేవాడు చూస్తే పది నిమిషాల పని. పాత క్లిప్పు కత్తిరించి కొత్తది నొక్కడమే. చూడనివాడు పంపు మొత్తం మార్చమంటాడు.

రేపల్లె వైపు కథ నీళ్లది. కాలువలకు చివర ఉన్న మండలాలు, వేసవిలో కాలువలు కట్టేస్తే బోరే దిక్కు. ఆ బోర్లు చాలాచోట్ల ఉప్పు. ఇక్కడ రెండు వేర్వేరు శత్రువుల్ని మనం ఒకటిగా కలిపేస్తాం. సున్నం నీళ్లు వేరు, ఉప్పు నీళ్లు వేరు. సున్నం హీటరు మీద తెల్లటి పొర కడుతుంది. వేడి నీళ్లకు చేరక, లోపలి తీగే ఎర్రబారి తెగిపోతుంది. దీన్ని ఆపడానికే మిషనులో రెసిన్ డబ్బా, దానికి ఉప్పు పోసే గొట్టం పెట్టారు. ఉప్పు నీళ్లలోని క్లోరైడు మాత్రం ఆ రెసిన్‌ను పట్టించుకోదు. నేరుగా స్టీలును పొడిచి సూదిబెజ్జాలు చేస్తుంది. హీటరు తొడుగుకు అలాంటి బెజ్జం పడితే నీళ్లు లోపలికి దిగి, కరెంటు ఎర్తుకు పారుతుంది. మిషను ఆన్ చెయ్యగానే కాకుండా, నీళ్లు పట్టి కాసేపయ్యాక మెయిన్ ట్రిప్పవుతుంటే దాని అర్థం చాలాసార్లు ఇదే. అలాంటి నీళ్లున్న ఇంటికి మున్సిపల్ కుళాయి నీళ్లు విడిగా ఓ చిన్న ట్యాంకులో పట్టి మిషనుకు ఇవ్వడం తప్ప వేరే దారి లేదు.

తాగునీటికి బీఐఎస్ పెట్టిన ప్రమాణంలో కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు లేకపోతే 600 వరకూ ఒప్పుకుంటారు. ఆ పై అంచులో ఉన్న నీళ్లు తాగినా మనిషికి ఏమీ కాకపోవచ్చు, డిష్‌వాషర్ హీటరుకు అవుతుంది.

చినగంజాం ఉప్పుకొటార్లు బాపట్ల జిల్లాలోనే ఉన్నాయి కదా అని కొందరు రాళ్లుప్పు పోస్తారు. కూరకు మంచిదే. రెసిన్‌కు మాత్రం అందులోని మట్టి, మెగ్నీషియం విషం. ప్యాకెట్టు ఉప్పులో కలిపే గడ్డకట్టనివ్వని పొడి కూడా గొట్టాన్ని మూసేస్తుంది. డిష్‌వాషర్ ఉప్పు అని విడిగా అమ్మేదే వాడాలి. ఇప్పటికే తెల్లపొర పట్టి ఉంటే కిరాణా కొట్లో దొరికే నిమ్మఉప్పు కొద్దిగా టబ్బులో చల్లి, గిన్నెలు లేకుండా వేడి ప్రోగ్రాము నడిపితే పొర వదులుతుంది. అసలు నీళ్లే కాగకపోతే ఈ వైద్యం కుదరదు, అది హీటరు బతికి ఉన్నప్పుడు చెయ్యాల్సిన పని.

---

హోటళ్లు కొన్నాయి, ఇళ్లు కొనలేదు

*అమెరికాలోని ఇల్లినాయ్ రాష్ట్రంలో జోసెఫిన్ కాక్రేన్ అనే ఆవిడ 1886 డిసెంబరు 28న అంట్లు కడిగే మిషనుకు పేటెంటు తీసుకుంది. 1893 షికాగో ప్రపంచ ప్రదర్శనలో అక్కడి భోజనశాలలు ఆ మిషన్లను వాడాయి. హోటళ్లు, ఆసుపత్రులు కొన్నాయి. గృహిణులు మాత్రం ముందుకు రాలేదు. ధర ఒక కారణం. రెండోది, ఆ మిషనుకు కావలసినన్ని వేడినీళ్లు కాచే ఏర్పాటు అప్పటి ఇళ్లలో చాలావాటికి లేదు.*

---

ఇక హీటరు వంతు

నీళ్లు బాగున్నాయి, వోల్టేజి ఉంది, ఫిల్టరు శుభ్రం, వైర్లు గట్టిగా ఉన్నాయి. అప్పుడు విప్పాలి. ఇక్కడినుంచి పని మెకానిక్కుదే. ప్లగ్గు పీకి, కుళాయి కట్టేసి మొదలుపెట్టాలి.

మల్టీమీటరు పెడితే హీటరు తన కథ తానే చెబుతుంది. 2000 వాట్లదైతే 26 ఓములకు దగ్గర్లో, 1800దైతే 29కి దగ్గర్లో చూపించాలి. అసలు ముల్లే కదలకపోతే తీగ తెగింది. హీటరు కాలికీ, బయటి లోహానికీ మధ్య ఏ కాస్త లింకు చూపించినా లోపల తడి చేరింది. రెండిట్లో ఏదైనా మార్చక తప్పదు. కొత్త మిషన్లలో చాలావాటికి హీటరు, పంపు కలిసే ఉంటాయి కాబట్టి బిల్లు పెరుగుతుంది.

హీటరు బాగుంటే టెంపరేచరు సెన్సరు చూడాలి. దాన్ని గోరువెచ్చని నీళ్ల గ్లాసులో ముంచితే మీటరు అంకె గబగబా తగ్గాలి. చన్నీళ్లలో కూడా అడుగున పడి ఉంటే అది బోర్డుకు "నీళ్లు కాగాయి" అని అబద్ధం చెబుతోందన్నమాట. బోర్డు నమ్మేసి హీటరు వెలిగించదు. ఈ చిన్న ముక్క కోసం పెద్ద ముక్కలు మార్చిన ఇళ్లు ఎన్నో.

బోర్డే పోయిందంటారా? హీటరును ఆన్, ఆఫ్ చేసేది బోర్డు మీద అగ్గిపెట్టె కంటే చిన్న రిలే. దాని కాళ్ల దగ్గర సోల్డరు వేడికి పగిలి, భూతద్దంలో చూస్తే గుండ్రటి గీతలా కనిపిస్తుంది. కంపెనీ మనిషి బోర్డు మొత్తం మారుస్తాడు, అతని పద్ధతి అది. టీవీ బోర్డులు, ఇన్వర్టర్లు బాగుచేసే మన ఊరి కుర్రాడు సోల్డరింగ్ ఐరన్ పట్టుకుంటే ఆ బోర్డే మళ్లీ పనిచేస్తుంది. ఇనుప తుక్కుతో నిలువెత్తు విగ్రహాలు నిలబెట్టే తెనాలిలో ఆ చేతులకు కొదవ లేదు. కొదవల్లా "ముందు బోర్డు చూపిద్దాం" అనే ఆలోచనకే.

ఒక్కచోట మాత్రం గట్టిగా వద్దనాలి. హీటరు మితిమీరి కాగితే కరెంటు తెంచే చిన్న కటౌట్ ఒకటుంటుంది. అది తెగి ఉంటే రెండు వైర్లూ కలిపేసి "డైరెక్ట్ చేశానండీ, ఇంక ఢోకా లేదు" అనే మెకానిక్కులున్నారు. గీజర్ల దగ్గర నేర్చుకున్న అలవాటది. నీళ్లు పట్టని రోజున ఆ హీటరును ఆపేవాడు ఉండడు. అలా చేస్తానంటే "వద్దు బాబూ, ఆ ముక్క దొరికేదాకా ఆగుదాం" అనండి. నాలుగు రోజులు పీచుతో తోముకుంటే పోయేదేమీ లేదు.

విడిభాగం ఎవరిస్తారు?

యూరోపియన్ యూనియన్ 2021 మార్చి నుంచి ఒక నిబంధన అమలు చేస్తోంది. డిష్‌వాషర్ మోడల్ అమ్మకం ఆగిపోయాక కూడా హీటరు, పంపు, బోర్డు లాంటి భాగాలు కనీసం ఏడేళ్లు మెకానిక్కులకు దొరకాలి. మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేరు హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబరు 24న కంపెనీల రిపేరు వివరాలన్నీ ఒకచోట ఉంచే పోర్టల్ తెరిచింది. గృహోపకరణాలు కూడా ఆ పరిధిలో ఉన్నాయి. విడిభాగం ఇవ్వకుండా తిప్పుతుంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోను చెయ్యొచ్చు.

బిల్లు ఇచ్చేటప్పుడు ఏ భాగం మార్చారో పేరుతో రాయించుకోవాలి. మార్చిన పాత ముక్క అడిగి తీసుకోవాలి. "బోర్డు మార్చాం" అన్నాక పాత బోర్డు మన చేతిలో ఉంటే, రేపు ఆ రిలే కాళ్లను వేరేవాళ్లకు చూపించుకునే వీలుంటుంది. చాలామంది మొహమాటపడి వదిలేస్తారు. అడిగితే ఇస్తారు.

రిపేరా, కొత్తదా అన్న ప్రశ్నకు నా లెక్క ఇది. టబ్బుకు తుప్పు లేదు, పంపు నిశ్శబ్దంగానే తిరుగుతోంది, పోయింది వేడి ఒక్కటే అయితే బాగు చేయించుకోవడమే మేలు. టబ్బు అడుగున స్టీలుకు బెజ్జాలు కనిపిస్తుంటే ఖర్చు పెట్టొద్దు. అలాగని నీళ్ల సంగతి తేల్చకుండా కొత్తది తెచ్చుకోకండి, అదే నీళ్లు దాన్నీ తింటాయి. తెనాలి బోసురోడ్డులో షాపుకు వెళ్లినప్పుడు ఎన్ని ప్రోగ్రాములున్నాయని కాకుండా, "హీటరు విడిగా దొరుకుతుందా, పంపుతో కలిపే కొనాలా? మా ట్యాంకు ఎత్తు పద్నాలుగు అడుగులు, సరిపోతుందా?" అని అడగండి. సేల్స్ కుర్రాడికి జవాబు తెలియకపోతే అక్కడినుంచే సర్వీసు సెంటరుకు ఫోను చేయించండి. డబ్బు కట్టకముందు అందరికీ ఓపిక ఉంటుంది.